ఒకటి తర్వాత పది

రాష్ట్ర నర్సింగ్ ప్రవేశాల మండలిలో ఉద్యోగాలు తప్ప మరేదీ ఖాళీగా ఉండడానికి వీల్లేదు. ఇది రాతపూర్వకమైన నియమం. మండలి పుట్టిన కొత్తలో ఎవరో గుమాస్తా ఒక పట్టికలో ఒక గడిని ఖాళీగా వదిలేశాడట. తనిఖీకి వచ్చిన ఆడిట్ అధికారి సరిగ్గా ఆ గడి దగ్గరే ఆగి, ఇది మరిచిపోయినందువల్ల ఖాళీగా ఉందా, ఏమీ లేనందువల్ల ఖాళీగా ఉందా అని అడిగాడట. గుమాస్తా బదిలీ అయ్యాడు, అధికారి రిటైరయ్యాడు, ప్రశ్న మాత్రం ఏళ్ళ తరబడి టేబుల్ నుంచి టేబుల్‌కు తిరిగింది. అప్పటి నుంచీ ఏమీ లేని చోటల్లా 'నిల్' అని రాయాలని ఉత్తర్వు.

కాబట్టి మండలిలో ఫిర్యాదుల పుస్తకం నిండా 'నిల్' ఉంటుంది. మంటలార్పే పరికరాల పట్టికలోనూ 'నిల్' ఉంటుంది. గణాంక సహాయకుడిగా కాంట్రాక్టు మీద చేరిన ఓబులపతి, చేరిన రోజున నింపిన కాగితంలో భార్య పేరు దగ్గర 'నిల్' అని, పిల్లల పేర్ల దగ్గర కూడా 'నిల్' అని రాసి ఇచ్చాడు.

ఓబులపతిది తాడిపత్రి. తండ్రి నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పనివాడు. వాళ్ళ ఇంటి పేరు మీద డిగ్రీ కాగితం పుట్టడం ఓబులపతితోనే మొదలు. అందుకని అతను డిగ్రీని, ఉద్యోగాన్ని, ప్రభుత్వాన్ని, మూడింటినీ నమ్మేవాడు. కర్నూలులో ఉన్న మండలి ఆఫీసుకు రోజూ వేళకు వచ్చేవాడు. ఈ దురలవాటు వల్ల ఆఫీసు తాళాలు తీసే పని కూడా అతని మీదే పడింది.

ఆ ఏడు సీట్ల కేటాయింపును కంప్యూటర్‌కు అప్పగించాలని డైరెక్టర్ విశ్వంభరరావు నిర్ణయించారు. హైదరాబాదు నుంచి కిరీటి అనే కన్సల్టెంట్ వచ్చాడు. లెక్కల కోసమే పుట్టిన ఒక కంప్యూటర్ భాషను వెంట తెచ్చాడు. దాని పేరు ఇంగ్లీషులో ఒకే ఒక్క అక్షరం. అంత పొట్టి పేరున్న దానితో ఇంత పెద్ద మండలి పని ఎలా జరుగుతుందని డైరెక్టర్‌కు మొదట అనుమానం వచ్చిందిగానీ, విదేశాల్లో వాడతారని తెలిశాక తీరిపోయింది.

ఆ భాషకు ఒక గుణం ఉంది. పట్టికలో ఒక నిలువు వరసనిండా అంకెలే ఉంటే వాటిని అంకెలుగానే చూస్తుంది. ఆ వరసలో ఎక్కడైనా ఒక్క మాట కనబడిందా, ఇక వరసంతా మాటలే అనుకుంటుంది. అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేరుస్తుంది. మాటలను మాత్రం నిఘంటువులో పేర్చినట్టు పేరుస్తుంది. నిఘంటువులో కకారంతో మొదలైనవన్నీ అయిపోతేగానీ ఖకారం రాదు కదా, అలాగే ఒకటితో మొదలైనవన్నీ అయిపోతేగానీ రెండు రాదు. ఒకటి తర్వాత పది, పది తర్వాత వంద, వంద తర్వాత వెయ్యి, ఆ తర్వాత వెయ్యిన్నొకటి. రెండు ఎక్కడో వెనక నిలబడి ఉంటుంది.

పరీక్ష రాసిన వాళ్ళు తొమ్మిది వేల మంది. దరఖాస్తు చేసి రాయని వాళ్ళు కొందరు. రాయని వాళ్ళకు ర్యాంకు రాదు. ర్యాంకు రాకపోతే గడి ఖాళీ. గడి ఖాళీగా ఉండరాదు. నియమం ప్రకారం ఆ కొందరి ర్యాంకు గడుల్లో 'నిల్' అని పడింది. అంతటితో తొమ్మిది వేల మంది ర్యాంకులూ మాటలైపోయాయి. కిరీటి మీట నొక్కాడు. సీట్ల జాబితా వెబ్‌సైటులో పడింది.

మధ్యాహ్నం ఓబులపతి టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా చెల్లెలు నాగవేణి ఫోన్ చేసింది.

"అన్నా, నాది తొమ్మిదో ర్యాంకే గదా?"

"అవును మే. ఏమైంది?"

"సీటు రాలేదంటాండాది. వరస నంబరు ఎనిమిది వేల ఎనిమిది వందల ఎనభై తొమ్మిదంట."

సరిగా చూడమన్నాడు ఓబులపతి. చూశానంది. వెనకింటి పర్వీన్‌కు పదహారు వందల నలభై మూడో ర్యాంకు వస్తే అనంతపురంలో సీటు ఇచ్చారంది. "అది మనింటికొచ్చి, ఈసారన్నా బాగా చదువుకోమే అని నాకే బుద్ధి చెప్పి పోయినాది. నేను యాడ తప్పు చేసినానన్నా?"

ఓబులపతి డబ్బా మూత మళ్ళీ పెట్టేశాడు.

నాగవేణికి నర్సు కావాలన్న కోరిక సినిమా చూసి పుట్టింది కాదు. రాతిపొడి పీల్చి పీల్చి తండ్రి ఊపిరితిత్తులు చెడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు డాక్టర్లు వచ్చేవాళ్ళు, కాగితం చూసేవాళ్ళు, పోయేవాళ్ళు. మంచం అంచున కూర్చుని, లోపల ఏం జరుగుతోందో నాన్నకు అర్థమయ్యేలా చెప్పింది ఒక నర్సమ్మే. అప్పుడు నాగవేణి తొమ్మిదో తరగతి. ఆనాడే ఖాయం చేసుకుంది. సర్కారు కాలేజీలో సీటొస్తేనే చదువు. లేకుంటే నాన్న మానేసిన ఫ్యాక్టరీలోనే పలకలు తుడిచే పని ఉంది. మేస్త్రీ ముందుగానే వచ్చి అడిగిపోయాడు కూడా. నాన్న దగ్గుతూ కూర్చున్నాడు. ఆ దగ్గును మేస్త్రీ ఒప్పుకోలుగానే తీసుకున్నాడు.

ఓబులపతి కంప్యూటర్ ముందు కూర్చుని జాబితాను పైనుంచి కిందికి చదివాడు. జరిగిందేమిటో కాసేపట్లోనే తెలిసిపోయింది. చేయాల్సిందీ చిన్నదే. 'నిల్' తీసేసి, మళ్ళీ మీట నొక్కాలి. ఇంత చిన్న పనికి ఎవరూ అడ్డు చెప్పరనుకున్నాడు. ఆఫీసులో చేరి ఎంతో కాలం కాలేదు పాపం.

సూపరింటెండెంట్ మదార్ వలీ దగ్గరికి పోయి విషయం చెప్పాడు. మదార్ వలీ మండలిలో జుట్టు నెరిసిన మనిషి. అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్పేది నిజమే అప్పయ్యా. అయితే ఒక సంగతి. నిల్ తీసేయాలంటే గడి ఖాళీ అయితాది. గడి ఖాళీ చేసినోడు ఈ ఆఫీసులో ఇంతవరకు లేడు. ఆ పుణ్యం నీకెందుకు? డైరెక్టర్ సార్‌నే అడుగు."

డైరెక్టర్ విశ్వంభరరావు గారు మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. ఇంట్లో కాఫీ కావాలన్నా 'సత్వరమే తగు చర్య తీసుకోగలరు' అంటారని వినికిడి. ఓబులపతి చెప్పింది ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. పక్కన కిరీటి కూర్చుని ఉన్నాడు.

"సదరు యంత్రం ఎటువంటి రాగద్వేషాలకూ తావివ్వకుండా, సంపూర్ణ పారదర్శకతతో వెలువరించిన క్రమాన్ని తాత్కాలిక ప్రాతిపదికన పనిచేయుచున్న ఒక ఉద్యోగి ప్రశ్నించుట ఏ నిబంధన కిందికి వచ్చునో పరిశీలించవలసి ఉన్నది."

"సార్, పదికంటే రెండు చిన్నది సార్," అన్నాడు ఓబులపతి.

"ఏ జీవో ప్రకారం?"

ఓబులపతి రికార్డు గదికి పోయి మదార్ వలీతో కలిసి పాత జీవోలన్నీ తిరగేశాడు. వేసవి సెలవుల మీద జీవో ఉంది, ఆఫీసు కుర్చీల ఎత్తు మీద జీవో ఉంది, కోతుల బెడద మీద రెండున్నాయి. పదికంటే రెండు చిన్నదని మాత్రం ఎక్కడా లేదు. ఎవరికీ ఇంతవరకు అవసరం పడలేదన్నాడు మదార్ వలీ.

తిరిగి వచ్చేసరికి కిరీటి డైరెక్టర్‌కు ధైర్యం చెబుతున్నాడు. ప్రపంచమంతా వాడుతున్న భాష అనీ, విదేశాల్లో మందులు సైతం దీంతోనే పరీక్షిస్తారనీ, అక్కడెవరూ ఇలాంటి అనుమానాలు వెలిబుచ్చలేదనీ అంటున్నాడు. డైరెక్టర్ తల పంకించి, ఓబులపతి వైపు తిరిగారు.

"మీ కుటుంబ సభ్యులెవరైనా సదరు పరీక్షకు హాజరైనారా?"

"మా చెల్లెలు రాసింది సార్."

"ర్యాంకు?"

"తొమ్మిది సార్."

డైరెక్టర్ కిరీటి వైపు చూశారు. కిరీటి డైరెక్టర్ వైపు చూశాడు. ఇద్దరి ముఖాల్లోనూ లెక్క తేలిపోయిన తృప్తి కనబడింది. ఆ క్షణం నుంచి ఓబులపతి చెప్పేది నిజం కాదు, స్వార్థం. పది కంటే రెండు చిన్నదని చెప్పడానికి అర్హత గల మనిషి ఎవరూ చుట్టాలు లేనివాడై ఉండాలని ఆయన ఫైలు మీద రాసి సంతకం పెట్టారు.

ఇంతలో బయట గోల మొదలైంది. రెండో ర్యాంకు అమ్మాయి తండ్రి, మూడో ర్యాంకు అమ్మాయి మేనమామ, పందొమ్మిదో ర్యాంకు వాళ్ళ ఊరంతా కలిసి గేటు దగ్గర కూర్చున్నారు. సీట్లు సరిగ్గా వెయ్యి. ఒకటో ర్యాంకు అమ్మాయి పోగా, పది మొదలు పద్దెనిమిదితో మొదలయ్యే ర్యాంకులు అయిపోయేసరికి సీట్లూ అయిపోయాయి. పందొమ్మిది వాళ్ళ ముక్కు ముందరే తలుపు పడింది. వాళ్ళ బాధ అందరికంటే ఎక్కువ.

డైరెక్టర్ పత్రికల వాళ్ళను పిలిచారు. ఒకటి తర్వాత రెండు రావాలన్నది ఒక ఆచారం మాత్రమేననీ, ఆచారాలను ప్రశ్నించినప్పుడే సమాజం ముందుకు పోతుందనీ చెప్పారు. ఏళ్ళ తరబడి పదహారు వందల ర్యాంకు వాళ్ళను వెనక్కు నెట్టిన పాపానికి ఇది ప్రాయశ్చిత్తమన్నారు. మరుసటి రోజు ఒక పత్రిక సంపాదకీయంలో 'అంకెల అహంకారానికి చెంపపెట్టు' అని రాశారు. ఒక మేధావి టీవీలో కూర్చుని, రెండు అనేది మనసులో ఉండేదేగానీ ప్రకృతిలో లేదన్నాడు. అవతల కూర్చున్న ఇద్దరు మేధావులూ ఒప్పుకున్నారు.

కోచింగ్ సెంటర్లు మేధావుల కంటే వేగం. వారం తిరక్కముందే కర్నూలు చౌరస్తాల్లో కొత్త హోర్డింగులు లేచాయి. '1, 10, 100, 1000. నాలుగూ మావే.' వెయ్యో ర్యాంకు అమ్మాయి పూలదండ వేసుకుని నవ్వుతూ ఉంది. ఒక సెంటరు మరో అడుగు ముందుకు వేసి, తెలివైన పిల్లలకు ప్రత్యేక బ్యాచ్ పెట్టింది. తెలిసిన జవాబులు ఎన్ని తప్పు రాస్తే రెండో ర్యాంకు నుంచి జారి పదో ర్యాంకులో పడతారో అందులో నేర్పుతారు. నమూనా పరీక్షలో తప్పులు మరీ ఎక్కువ చేసి ఇరవైకి పోయిన పిల్లల తల్లిదండ్రులు, ఫీజు కట్టింది ఇందుకేనా అని సెంటరు అద్దాలు పగలగొట్టారు.

గేటు దగ్గర వాళ్ళు కదలకపోవడంతో త్రిసభ్య సంఘం వేశారు. సంఘంలో మొదటి సభ్యులు డైరెక్టర్, రెండవ సభ్యుడు కిరీటి. మూడవ సభ్యుడి పేరు గడిలో 'నిల్' అని రాశారు. ర్యాంకులు మాటలైపోయాయన్నదే ఆరోపణ కనుక, మాటలను తిరిగి అంకెలుగా మార్చి చూస్తే సరిపోతుందని సంఘం తీర్మానించింది. ఓబులపతి మనసు కుదుటపడింది. సరైన దారి అదే కదా.

కానీ ఆ భాషకు రెండో గుణం ఒకటి ఉంది. కిరీటి ఎప్పుడో ఆ వరసను 'వర్గాలు' అని నమోదు చేసి పెట్టాడు. వర్గాలన్నిటినీ ఆ భాష నిఘంటువు క్రమంలో బీరువా అరల్లో సర్దుకుంటుంది. ఇప్పుడు వర్గాన్ని అంకెగా మార్చమంటే, అరలో ఏముందో చెప్పదు, ఎన్నో అరో చెబుతుంది. ఒకటి మొదటి అరలో ఉంది కనుక ఒకటి. పది రెండో అరలో ఉంది కనుక పది రెండైంది. వంద మూడైంది. వెయ్యి నాలుగైంది.

కిరీటి తెరను డైరెక్టర్ వైపు తిప్పాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు బడిపిల్లల్లా బారులు తీరి ఉన్నాయి.

"ఒకటి తర్వాత రెండు లేదన్నారు. ఇదేమి?" అన్నారు డైరెక్టర్, ఓబులపతితో.

"అవి ర్యాంకులు కావు సార్, అరల నంబర్లు సార్."

"అంకెలా, కావా?"

"అంకెలే సార్."

"వరసగా ఉన్నవా, లేవా?"

"ఉన్నాయి సార్."

"ఆరోపణ నిరాధారమైనదిగా తేలినది," అని డైరెక్టర్ పలికారు. టైపిస్టు రాసుకుంది.

అరల నంబర్లను 'సవరించిన ర్యాంకు' అనే పేరుతో అందరి కార్డుల మీదా అచ్చు వేశారు. పదో ర్యాంకు అమ్మాయి తన కార్డు మీద 'సవరించిన ర్యాంకు: 2' అని చూసుకుని బావురుమంది. రెండో ర్యాంకుకు సీటు రాదని అప్పటికి ఊరంతా తెలుసు మరి. అసలు రెండో ర్యాంకు అమ్మాయి పదకొండు వందల పన్నెండు అయింది. నాగవేణి కార్డు తాడిపత్రికి పోస్టులో వచ్చింది. దాని మీద 8889 అని ముద్రా, సంతకమూ ఉన్నాయి. అంతవరకు కూతురిది తొమ్మిదో ర్యాంకని వీధిలో చెప్పుకున్న తండ్రి, సర్కారు ముద్ర చూశాక తనే పొరబడ్డానేమో అనుకున్నాడట. ఫోన్లో ఆ సంగతి చెప్పిన నాగవేణి, సోమవారం నుంచి పలకలు తుడిచే పనికి రమ్మన్నారనీ, పోతాననీ చెప్పింది. తొందరపడొద్దు, తుది కేటాయింపు ఇంకా ఉందన్నాడు ఓబులపతి. తుది కేటాయింపు కూడా అసలు ర్యాంకుల గడిని బట్టే, అదే యంత్రమే, అదే 'నిల్' తోనే జరుగుతుందని చెల్లెలికి చెప్పలేదు.

దానికి ముందు అభ్యర్థులు తమ కార్డులో అచ్చు తప్పులుంటే వెబ్‌సైటులో స్వయంగా సరిచేసుకోవచ్చని ప్రకటించారు. పేరు, తండ్రి పేరు, ర్యాంకు. ర్యాంకును ఇష్టమొచ్చినట్టు మార్చకుండా కిరీటి ఒక కాపలా పెట్టాడు. కొత్తగా కొట్టిన దాని విలువ పాతదాని విలువతో సమానంగా ఉంటేనే ఒప్పుకుంటుంది. ఓబులపతి ఆ కాపలావైపు చాలాసేపు చూశాడు. తొమ్మిదికి సమానమైంది తొమ్మిదే కదా అనుకున్నాడు. తర్వాత లేచి మదార్ వలీ టేబుల్ దగ్గరికి పోయాడు.

తొమ్మిది ముందు సున్నా పెడితే అది అబద్ధమవుతుందా అని అడిగాడు. విలువ మారనప్పుడు అబద్ధమెట్లా అవుతుందన్నాడు మదార్ వలీ. మరి నియమ విరుద్ధమా అన్నాడు ఓబులపతి.

"సున్నా పెట్టకూడదని యాడన్నా రాసినారా?"

"రాయలేదు సార్."

"పెట్టొచ్చని రాసినారా?"

"అదీ రాయలేదు సార్."

"అయితే అది నిల్. నిల్ అంటే సున్నానే గదా నాయనా. పెట్టుకోమను."

ఓబులపతి వరండాలోకి పోయి ఫోన్ చేశాడు. "పాపా, ర్యాంకు ముందర ఒక సున్నా కొట్టు."

"ముందర పెట్టే సున్నాకు విలువ లేదు గదన్నా?"

"బళ్ళో లేదు. మా ఆఫీసులో ఉండాది."

నాగవేణికి ఇంకో అనుమానం వచ్చింది. సున్నా అంటే ఒకటికంటే ముందు వస్తుంది కాబట్టి తను ఒకటో ర్యాంకు అక్కను కూడా దాటిపోతాను కదా, అది న్యాయమేనా అని అడిగింది. సీట్లు వెయ్యి ఉన్నాయి, ఆమెకు నష్టమేమీ లేదన్నాడు అన్న. అప్పుడు కొట్టింది. యంత్రం 09 ని 9 తో పోల్చి చూసి, సమానమేనని ఒప్పుకుంది.

అబద్ధం కానిదాన్ని దాచడమెందుకని నాగవేణి పర్వీన్‌కు చెప్పింది. పర్వీన్ మేనమామకు తాడిపత్రి బస్టాండులో నెట్ సెంటరు ఉంది. సాయంత్రానికల్లా సెంటరు ముందు బోర్డు వెలిసింది. 'ఇచ్చట ర్యాంకులకు సున్నాలు పెట్టబడును.' మరునాటికి రాష్ట్రమంతా పాకింది. ఒక సున్నా పెట్టినవాళ్ళను చూసి పక్కవాళ్ళు రెండు పెట్టారు, రెండు చూసి మూడు పెట్టారు. ఎనిమిది వేల నాలుగొందలో ర్యాంకు ఒకామె సున్నాల రైలు కట్టి, చివరన గార్డు పెట్టెలా తన ర్యాంకు తగిలించుకుంది. పెళ్ళిచూపుల్లో అమ్మాయికి ఎన్ని సున్నాలని అడుగుతున్నారని మదార్ వలీ ఎక్కడో విని వచ్చి చెప్పాడు.

దీనిమీద మాట్లాడమంటే డైరెక్టర్ ఛాతీ విరుచుకున్నారు. సున్నాను ప్రపంచానికి ఇచ్చిందే మన దేశమనీ, లోకానికంతటికీ పంచిపెట్టి సొంత బిడ్డలకు లేదనడం జాతికి తలవంపులనీ సెలవిచ్చారు. చప్పట్లు మోగాయి.

ఆయన ఉత్సాహం తుది జాబితా నమూనా తీసేదాకా నిలిచింది. జాబితాలో మొట్టమొదటి పేరు ఎవరిదా అని చూస్తే, పరీక్షకే హాజరు కాని ఒక అభ్యర్థిది. అతని ర్యాంకు 'నిల్'. నిల్‌కు విలువ సున్నా. గడి నిండా ఎన్ని సున్నాలు పడితే అన్ని కొట్టి ఊరుకున్నాడు. కాపలా సమానమేనని ఒప్పుకుంది. అతని వెనక వరసగా పరీక్ష రాయనివాళ్ళందరూ ఉన్నారు. ఒకరు పెళ్ళికి పోయి రాయలేదు, ఒకరు నిద్రలేవక రాయలేదు. రాష్ట్రం మొత్తంలో అత్యుత్తమ విద్యార్థులు పరీక్ష రాయనివాళ్ళేనని మండలి వారి యంత్రం సంపూర్ణ పారదర్శకతతో తేల్చింది.

సెక్రటేరియట్ నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్లో అవతలివాళ్ళు ఏమన్నారో తెలియదుగానీ, ఇవతల డైరెక్టర్ నిలబడి మాట్లాడారు. ఆ తర్వాత ఆయన గదిలోంచి 'సున్నాల హేతుబద్ధీకరణ ఉత్తర్వు' వెలువడింది. ర్యాంకు ప్రతిదీ విధిగా నాలుగు అంకెలు కలిగి ఉండవలెను. అంతకు మించిన సున్నాలు మండలి స్వాధీనమగును. తక్కువైన సున్నాలు మండలియే తన ఖర్చుతో సమకూర్చును. పరీక్ష రాయనివారికి సున్నాలు అనుమతించబడవు, వారు యథాప్రకారం 'నిల్'గానే కొనసాగవలెను.

కిరీటి ఆ ప్రకారం చేసి మీట నొక్కాడు. డైరెక్టర్, మదార్ వలీ, ఓబులపతి వెనక నిలబడి చూస్తున్నారు. తెర మీద 0001 వచ్చింది. దాని కింద 0002. దాని కింద 0003. అలా దిగుతూ దిగుతూ 0009 దగ్గర 'నాగవేణి, ప్రభుత్వ నర్సింగ్ కళాశాల, అనంతపురం' అని వచ్చింది. పది దాని తర్వాతే, బుద్ధిగా నిలబడి ఉంది.

డైరెక్టర్ ముందుకు వంగి చాలాసేపు చూశారు. "ఇది చాలా వినూత్నంగా ఉన్నది," అన్నారు.

నాగవేణి కాలేజీలో చేరింది. నాన్న ఎర్రటి ట్రంకు పెట్టె మోసుకుంటూ హాస్టల్ దాకా పోయి, దగ్గకుండా మెట్లెక్కాలని ప్రయత్నించి, సగంలో కూర్చున్నాడట. పర్వీన్ సీటు పోయింది. పదహారు వందల నలభై మూడు, మళ్ళీ పదహారు వందల నలభై మూడే అయింది. నాగవేణి తను రాసుకున్న నోట్సులన్నీ దానికిచ్చి, వచ్చే ఏడు నువ్వూ వస్తావు మే అని చెప్పి వచ్చింది. బాగా చదువుకోమని మాత్రం అనలేదు.

మండలికి ఆ ఏడు జాతీయ స్థాయిలో ఉత్తమ సంస్కరణ పురస్కారం వచ్చింది. దేశంలోనే మొట్టమొదటిసారిగా ఒకటి తర్వాత రెండును ప్రవేశపెట్టినందుకు. పక్క రాష్ట్రం నుంచి ఒక అధికారుల బృందం చూసి నేర్చుకోవడానికి వచ్చింది. వాళ్ళకు వివరించే పని ఓబులపతికి పడింది. శాలువాలు, బాదంపాలు అయ్యాక బృందం పెద్ద అతన్ని ఒకే ఒక ప్రశ్న అడిగాడు. అంతకుముందు రెండు, పది తర్వాత ఎందుకు వచ్చేది?

డైరెక్టర్ కళ్ళు మూసుకున్నారు. ఓబులపతికి జవాబు తెలుసు. ఒక్క మాటలో చెప్పవచ్చు. ఆ మాట నాలుక చివరన ఉంది. పక్కనే కూర్చున్న మదార్ వలీ బాదంపాలు అందిస్తున్నట్టుగా వంగి, చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"తప్పు జరిగిందని ఆఫీసు ఒప్పుకుంటే మొదటి జాబితా వాళ్ళు కోర్టుకు పోతారప్పా. కోర్టు మొత్తం ఆపేస్తాది. పాప హాస్టల్లో పరుపు పరుచుకునింది. గుర్తు పెట్టుకో."

ఓబులపతి గొంతు సవరించుకున్నాడు. "అప్పట్లో సున్నాల కొరత ఉండేది సార్," అన్నాడు.

బృందం పెద్ద ఎంతో సానుభూతితో తల ఊపి రాసుకున్నాడు. తమ రాష్ట్రంలోనూ అదే సమస్య అన్నాడు. డైరెక్టర్ కళ్ళు తెరిచి, ఓబులపతివైపు మొదటిసారిగా మనిషిని చూసినట్టు చూశారు.

బృందం వెళ్ళిపోయాక మదార్ వలీ కాగితాలు సర్దుతూ, వచ్చే ఏడు దరఖాస్తులు పది వేలు దాటుతాయంటున్నారని చెప్పాడు. అప్పుడు ర్యాంకుకు అయిదు అంకెలవుతాయి, నాలుగంకెల ఉత్తర్వు సరిపోదు, పదివేలో ర్యాంకు పోయి వెయ్యి పక్కన కూర్చుంటుందన్నాడు ఓబులపతి. వచ్చే ఏడు పర్వీన్ మళ్ళీ రాస్తుందన్న సంగతి కూడా అతనికి గుర్తుకొచ్చింది. మదార్ వలీ ఆశ్చర్యపోలేదు.

"అప్పుడు ఇంకొక అవార్డు వస్తాది," అన్నాడు.

బల్ల మీద ఒక కాగితం మిగిలి ఉంది. పురస్కారం ఇచ్చినవాళ్ళు పంపినది. విధానాన్ని దగ్గరగా ఎరిగిన ఉద్యోగి పూర్తి చేసి సంతకం పెట్టాలి. సంస్కరణ పేరు, అమలైన సంవత్సరం, లబ్ధిదారుల సంఖ్య, అన్నీ ఎవరో నింపేశారు. చివరి గడి ఒక్కటే మిగిలింది. 'విధానంలో మీరు గమనించిన లోపాలు.'

ఓబులపతి కలం తీశాడు. కిటికీలోంచి బయట చూశాడు. గేటు దగ్గర ఇప్పుడెవరూ కూర్చుని లేరు. కాగితం వైపు చూశాడు. ఎంత చిన్న గడి, దాని చుట్టూ నాలుగు గీతలు. ఖాళీగా వదిలేద్దామని ఒక క్షణం అనిపించింది. ఎవరైనా ఒక అధికారి ఎప్పుడో వచ్చి అక్కడ ఆగి, ఇది ఎందుకు ఖాళీగా ఉందని అడుగుతాడేమో.

మదార్ వలీ తాళాల గుత్తి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆఫీసు మూసే వేళయింది.

ఓబులపతి గడిలో గుండ్రటి అక్షరాలతో 'నిల్' అని రాసి, సంతకం పెట్టాడు.